నొక్కని గుండీ

అదాలత్ సెంటర్ల జిరాక్స్ షాపు మీద
రేకుల గది నాది.
కోచింగ్ సెంటర్లకు, చిట్‌ఫండ్లకు, దవాఖానలకు
వెబ్‌సైట్లు కుడత.
కుడత అనేది మా నాయిన మాట.
దర్జీ ఆయన,
కొడుకు పని ఆయనకట్లనే సమజైంది.

చర్మం డాక్టరుకు చేసిచ్చిన పేజీ అడుగున
నీలం బొటనవేలు ఒకటి పెట్టిన.
పైస ఖర్చు లేదు.
కంపెనోళ్లే రెండు లైన్ల కోడ్ ఇస్తరు,
తెచ్చి అతికిస్తే అయిపాయె.
"లైకులొస్తయా?" అన్నడు డాక్టరు.
వస్తయన్న.

కొత్తవాడల జంపఖానాలు నేసే ఎలిగేటి వినోద
మోచెయ్యి మీది తెల్లమచ్చను
నిండుచేతుల జాకెట్టుల ఆర్నెల్లు దాసింది.
ఒకనాడు రాత్రి అందరు పన్నంక
దుప్పట్ల వెలుతురు చేసుకొని
ఆ పేజీ తెరిచింది.
చదివింది. మూసింది.
దేన్నీ నొక్కలే.
మేడారం బెల్లం మీద చెయ్యి పెట్టినట్టు
ఒట్టేసి చెప్పింది, నొక్కలేదని.

తెల్లారి అదే ఫోన్ల
యారాలు సొరకాయ కూర చూస్తుంటే
నడుమల మచ్చలు మాన్పే మలాం.
పిల్లగాడు క్రికెట్ చూస్తుంటే మలాం.
ఇంటికి ఒక్కటే ఫోను.
"ఎవలికే మచ్చలు?" అన్నది యారాలు.
అని ఊకోలే,
అందరి చేతులూ చూసింది.

"గోడకు సుత చెప్పలే తమ్మీ.
దీనికెట్ల ఎరుక?"

మా నాయిన మిషను ఆపిండు.
ఆ నిండుచేతులు కుట్టింది ఆయనే.
కొలత పట్టిననాడు మచ్చ చూసిండట,
టేపు కొంచెం కిందికి జరిపి
అంకె రాసుకున్నడు.
అంతే.
ఆ ముచ్చట నాకు సుత ఆనాడే తెలిసింది.

రాత్రి కోడ్ విప్పి చూసిన.
ఆ బొటనవేలు నా పేజీల లేదు.
పేజీ తెరిచిన ప్రతిసారి
ఎవలో ఉరికిపోయి కంపెనీ కాడికెళ్లి దాన్ని తేవాలె.
పోయినోడు ఊకె పోడు,
ఫలానా ఫోను, ఫలానా గడియ,
చదివేది ఫలానా రోగం
అని వాకిట్ల చెప్పినంకనే బొమ్మ చేతికిస్తరు.
నొక్కుడు తర్వాతి ముచ్చట.
నొక్కినా ఒకటే, నొక్కకున్నా ఒకటే.

మా నాయిన కుట్టే గుండీ అంగిని మూస్తది.
నేను కుట్టింది ఏం జేసిందో
వినోదక్కకు చెప్పనీకి
మూడు సార్లు కొత్తవాడ దాక పోయి వచ్చిన.

దాన్ని పీకేసిన.
నేనే గీసిన ఉత్త బొమ్మ పెట్టిన,
ముట్టుకునేదాక ఎటూ పోదది.
వారానికి డాక్టరు ఫోను:
"లైకుల లెక్క కనవడ్తలేదేందయ్యా?
పాతదే పెట్టు."
చూస్త సార్ అన్న.
ఇంక నలభై పేజీలున్నయి నేను కుట్టినయి.
అండ్ల ఒకటి తాగుడు మాన్పే సెంటరుది,
ఒకటి పిల్లలు కాని వాళ్లది.
ఇయ్యాల్టికి నాలుగు విప్పిన.

ఆమె ఫోన్ల మలాం ఇంకా వస్తనే ఉన్నది.
పోయిన మాటకు దారం కట్టి గుంజలేం కదా.

రోహిణి కార్తె.
రేకులు కాలుతున్నయి.
వినోదక్క కొత్త గుడ్డ తెచ్చింది,
"చేతులు ఎంత పెట్టాలె బిడ్డా?" అన్నడు నాయిన
తల ఎత్తకుంటనే.
ఆమె జరసేపు ఆగి
"నిండ" అన్నది.
క్యాలెండర్ కాయిదం ఎనుక అంకెలు రాసిండు,
పేరు రాయలే.