బొగ్గు బడి

స్టాఫ్ మీటింగుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను.
విద్యార్థి సంఘాన్ని నా పేరున రాసేశారు.
లెక్కల టీచర్ని కదా, లెక్కేసుకున్నాను:
ఎనిమిది మంది పిల్లలు, శనివారం ఒక పీరియడు,
నెలాఖరుకి పై ఆఫీసుకి పంపాల్సిన ఐదు లక్ష్యాలు.

మొదటి శనివారమే
ఐదూ అరగంటలో రాసిచ్చేశారు.
క్రమశిక్షణ. పరిశుభ్రత. సమయపాలన. పచ్చదనం. ఐకమత్యం.
గుండ్రటి అక్షరాలు, కింద స్కేలుతో రెండేసి గీతలు.
మెట్ల పక్క గోడ మీద ఉన్నవే, అదే వరసలో.
"ఇందులో మీకు కావాల్సింది ఏది?" అన్నాను.
ఎవరో పెన్ను మూత నమిలారు.

కోటవీధి చివర మా బడి.
గాలి ఇటు తిరిగిందంటే
పోర్టులో బొగ్గు గుట్టలు లేచొచ్చి
మా బెంచీల మీద కూర్చుంటాయి,
హాజరు పట్టీలో పేరు లేని విద్యార్థుల్లా.
తెల్ల చొక్కాలు రెండో పీరియడుకే బూడిద రంగు.
నల్లబల్ల మాత్రం ఎప్పుడూ నల్లగా ఉంటుంది,
మాకు దక్కిన లాభం అదొక్కటే.

రెండో శనివారం మైలపిల్లి ఎల్లాజీ
ఆ పొడిలో వేలితో ఏదో రాస్తున్నాడు.
వంగి చూశాను.
"లేటు" అని రాసి, దాని మీద అడ్డగీత.
"ఏట్రా ఇది?"
"హార్బర్లో ఏలంపాట తేలాల టీచర్.
అమ్మకి బుట్ట ఎత్తాల, ఆటో ఎక్కించాల.
ఒచ్చీసరికి గేటేసెత్తారు.
మా క్లాసులో పదకొండు మందిమి.
లేటోళ్లం కాదు టీచర్, ముందు లెగిసినోళ్లం."

పంతొమ్మిదేళ్లుగా ఎర్రసిరాతో రాస్తున్న ముక్క
ఆ పూట నాకు చదవడం వచ్చింది.

తర్వాత పిల్లలు ఆగలేదు.
షహీదా కిటికీ గట్టు మీద రాసింది: బాత్రూం గొళ్లెం.
అంతే. వివరం నేనూ అడగలేదు.
ఆరో తరగతి పైడితల్లి
"అన్నం కాడ అందరం ఒక్క వరస" అని రాసి
ఎవరూ చూడకముందే అరచేత్తో చెరిపేసింది.
చెరిపినా కనబడుతూనే ఉంది.

సర్క్యులర్లో ఆఖరి మాట, బడి స్ఫూర్తి.
"ఆటల పోటీకి మనకో కేక కావాలి" అన్నాను.
"వల లాగేటప్పుడు మీ నాన్నలు వేసే కేక ఉందిగా,
అదెలా ఉంటుంది?"
నా తెలివికి నేనే మురిసిపోతూ.
ఎల్లాజీ తల అడ్డంగా ఊపాడు.
"అది బరువుకేసే కేక టీచర్. సరదాకి కాదు."
సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

నవంబర్లో ఎంవీపీ కాలనీ గ్రౌండు, ఖోఖో.
మా జట్టు దిగీ దిగగానే గోడ మీంచి ఎవరో
"బొగ్గు బడి! బొగ్గు బడి!"
నవ్వులు.
పైడితల్లి తన చొక్కా వైపు చూసుకుంది.
నేను లేవబోయాను.
అప్పటికే షహీదా,
గొళ్లెం సంగతి తప్ప నోరెత్తని షహీదా,
గొంతు చీలేలా అరిచింది: "బొగ్గు!"
ఒక్క క్షణం ఏమీ లేదు.
ఆ తర్వాత మా నలభై మందీ: "బడి!"

ఓడిపోయాం. రెండు పాయింట్ల తేడాతో.
అబద్ధమెందుకు, ఆరు.
తిరుగు బస్సులో పాత పోస్టాఫీసు దాకా అదే కేక.
కండక్టరు టికెట్లు ఆపి చెవులు మూసుకున్నాడు.

గేటు ఇప్పుడు పావుగంట ఆగి వేస్తున్నారు.
హెడ్మాస్టరు గారు దాన్ని "ప్రయోగాత్మకం" అంటారు.
గొళ్లెం వచ్చింది, ముప్పై ఐదు రూపాయలు,
ఎవరు ఇచ్చారో అడక్కండి.
అన్నం కాడ సంగతే తెమల్లేదు.
ఒకరోజు కలిసి కూర్చుంటారు,
మర్నాడు మెల్లగా జరుగుతారు.

పై ఆఫీసుకి మొదటి ఐదే పంపాను, గీతలతో సహా.
అసలువి ఏ కాగితం మీదా లేవు.
రాత్రి గాలి వాటిని కప్పేస్తుంది.
పొద్దున్నే తుడవడానికొచ్చిన పిల్ల
ముందు ఒకసారి వేలు పెడుతుంది.

ఇవాళ పైడితల్లి మళ్లీ అదే వాక్యం రాసింది.
చెరపలేదు.
గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.