తొమ్మిదో గడి

విల్నియస్‌లో మా ఆఫీసు నేలమాళిగ.
కిటికీలోంచి నడిచేవాళ్ళ మోకాళ్ళే కనిపిస్తాయి.
మూడు దేశాల జవాబులు మూడు అట్టపెట్టెల్లో వచ్చాయి.
మాటను అంకె చేయడం నా పని.

పద్నాలుగో ప్రశ్న: పేదవాడు ఎందుకు పేదవాడు?
సోమరి కనక అంటే ఒకటి. నొసటి రాత అంటే రెండు.
లోకం చేసిన అన్యాయమంటే మూడు.
ఇరవై తొమ్మిది: తన ప్రాణం తానే తీసుకున్నవాణ్ణి ఏమంటారు?
పిరికివాడు, పాపి, రోగి, అభాగ్యుడు
వీటికీ అంకెలున్నాయి.
ఏమీ చెప్పకపోతే తొమ్మిది.

నడుమ మేకలెన్ని, రేడియో ఉందా, ప్రార్థనకు వెళ్తారా...
అయినా మూడో వారానికి
పద్నాలుగు చదవగానే ఇరవై తొమ్మిది
నా పెన్సిలుకు ముందే తెలిసిపోయేది.
"వాడు ఒళ్ళు వంచలేదు" అన్న నోరే
"వాడికి బతకడం చేతకాలేదు" అంటుంది.
గుడ్డలు రెండు, కత్తెర ఒకటే.

అకితా పెట్టెలో కాగితాలు మంచులా మడతల్లేకుండా ఉన్నాయి.
సాకే కొట్టు నడిపే హటాకెయామా త్సురుకో
గడులు వదిలేసి అంచులమ్మట రాసింది:
"అప్పు తీర్చలేనివాడు సిగ్గుపడాలి. నేనూ అదే నమ్మాను.
కట్టెల మిల్లు మూతపడ్డ చలికాలం
ఖాతా పుస్తకంలో ఒకాయన పేరు ఎర్రసిరాతో దిద్దాను.
ఆయన వీధికి అవతలి పక్కన నడవడం మొదలుపెట్టాడు.
తరవాత ఏ పక్కనా నడవలేదు.
బాధ్యత తెలిసిన మనిషి అన్నారు ఊళ్ళో, మెచ్చుకున్నట్టే.
ఆ మెప్పు నాకింకా గొంతు దిగలేదు."
దీన్ని ఏ అంకెలో పెట్టను?

ఘనా పెట్టె తెరిస్తే వేళ్ళకు ఎర్రదుమ్ము.
హోహోయెలో బట్టలు కుట్టే అగ్బెన్యెగా.
'ప్రాణమే పెద్దది' అని ఆ పేరుకు అర్థమట.
చివరి అక్షరం ముక్కులోంచి పలక్కపోతే
'ప్రాణమే డబ్బు' అయిపోతుందని
ప్రశ్నలడగడానికి వెళ్ళిన కఫుయి పక్కన రాసింది.
ఆయన అన్నాడు: "జేబు ఖాళీ అయినవాడు పేదవాడు కాడు,
మనుషులు ఖాళీ అయినవాడు పేదవాడు.
నువ్వడిగిన ఆ మనిషిని మేమే పేదవాణ్ణి చేశాం."
అదే వీధి, తరవాతి కాగితం:
"అలాంటి ఇంటికి మేం పిల్లనివ్వం."

మూడో పెట్టె మాదే. జరాసాయ్ దగ్గరి పల్లెలు.
అందులో మా మామయ్య బ్రోన్యుస్ లేడు, ఉండలేడు.
ఉమ్మడి వ్యవసాయం ముక్కలైనప్పుడు
ఆయన వాటాకు చక్రాల్లేని ట్రెయిలరు వచ్చింది.
స్వేచ్ఛ వచ్చాక కూడా లేనివాడిగా ఉంటే
తప్పెవరిదని అడిగారు పక్కింటివాళ్ళు,
జవాబు చేతిలో పట్టుకునే.
చర్చి గంట మోగింది కాని
దారిన పోయేవాళ్ళు టోపీలు తియ్యలేదు.
నవంబరులో ఆత్మల పండగనాడు
అందరి కొవ్వొత్తులూ సగం కరిగాక
అమ్మమ్మ ఒక్కతే తనది వెలిగించేది.
ఆమె మళ్ళీ ఎవర్నీ సోమరి అనలేదు,
పొయ్యి దగ్గర కదలని పిల్లిని కూడా.

ఇవాళ సాయంత్రం ఆఖరి కాగితం, మళ్ళీ కఫుయి రాతే:
"ఇరవై తొమ్మిది చదివి వినిపించాను.
ముసలామె ఎదురు అడిగింది: ఆ మనిషి ఇల్లెక్కడ?
ఇంకా ఉన్నాడా?
ప్రశ్నలో మనిషమ్మా, నిజం కాదు అన్నాను. నమ్మలేదు.
ఆకులో చుట్టిన కెంకే రెండు ముద్దలు నా సంచిలో పెట్టి
చల్లారకముందే ఇచ్చిరమ్మంది.
ఏ గడి నింపమంటారు?"

నిబంధన ప్రకారం తొమ్మిది.
రాయబోయి తలెత్తాను.
బయట మంచు మొదలైంది, మోకాళ్ళు తొందరగా పోతున్నాయి.
ఒక జత మాత్రం
చాలాసేపటి నుంచి కదలడం లేదు.

కోటు తొడుక్కుని
మెట్లెక్కాను.