గుంట

కెమి ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర నర్సు ఔలిక్కి.
పన్ను పీకించుకున్న ప్రతివాళ్ళకీ ఒకటే చెబుతుంది:
"గుంటలోకి నాలుక పోనివ్వకండి."
అందరూ తలూపుతారు.
ఎవరూ వినరు.

రాత్రి రెండు. కిటికీ బయట మంచు తోసే బండి.
దుప్పటి కింద ఫోను, బొటనవేలు.
పేరు పలకడం రాని ఊళ్ళో వరద.
ఇందాక నూట పన్నెండు మందన్నారు.
ఇప్పుడెంతో.

చూసి చేసేదేం లేదు.
చూడకుండా పడుకుంటే మాత్రం
ఎవర్నో నీళ్ళల్లో వదిలి తలుపేసుకున్నట్టు.

నూట ముప్పై.
అయ్యో, అంది.
ఆ అయ్యోలోనే, సన్నగా,
అనుకున్నంతే అయిందన్న తృప్తి.
సిగ్గేసింది. సిగ్గుతోనే
ఇంకాస్త కిందికి జరిపింది.

పొద్దున కుర్చీలో ముసలి సరంగు, దవడ వాచి.
"నాలుక పోనిచ్చారా?"
"గుంట ఉందో లేదోనని," అన్నాడు.

ఔలిక్కి ఈసారి తిట్టలేదు.
దీపం దగ్గరికి లాక్కుని
తనూ చూసింది.