పదకొండు సెకన్లు

వర్తూరు రోడ్డులో, టైల్స్ గోడౌన్ వెనక
రేకుల షెడ్డు కింద ఒక కొండ ఉంది.
దాన్ని నడిపేది నేను.

పెద్దదేం కాదు. పన్నెండు మీటర్ల తెల్ల నైలాన్ తివాచీ,
లోపల రెండు మోటార్లు, గ్రీజు కారే గొలుసు.
ఆన్ చేస్తే కింది నుంచి పైకి తిరుగుతుంది,
రాగులు విసిరే రాయిలా గురగురమంటూ.
పిల్లలు దిగుతూనే ఉంటారు.
కొండ వాళ్ళ కాళ్ళ కింది నుంచి ఎక్కిపోతూనే ఉంటుంది.
గంటకి తొమ్మిది వందలు. ఎవరూ ఎక్కడికీ చేరరు.

మాది పెనుకొండ.
కొండ కిందే పుట్టాను గానీ
అది కదలగా ఎప్పుడూ చూడలేదు.

తివాచీ తడిగా ఉండాలి, లేదంటే చెక్కలు పట్టేస్తాయి.
ట్యాంకర్ రాని రోజు కొండకి సెలవు.
మార్చిలో రాజణ్ణకి ఫోన్ చేసి బతిమాలుకుంటాను:
సగం లోడైనా పంపన్నా, మంచు ఎండిపోతోంది.
మొదటిసారి నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

శని, ఆదివారాల్లో పిల్లలొస్తారు.
బూట్లు తొడగడానికే అరగంట.
'అంకుల్, నా మడమ లోపల తప్పిపోయింది'
అంటాడు ఆరేళ్ళ తరుష్, ఏడుపు మొహంతో.

కోచ్ అంగ్‌రూప్‌ది లాహౌల్.
అతను మొదట నేర్పేది పడటం.
పక్కకి పడు. కూర్చున్నట్టు పడు.
చేతులు బయట వదిలేయకు, ఇంటికి తెచ్చుకో.
ఒక వారమంతా పిల్లలు పోటీలు పడి పడతారు.
పడటం అయ్యాక ఆగడం.
ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా:
'పిజ్జా ముక్క' అంటాడతను.
'సమోసా' అని దిద్దింది ఫర్హీన్.
అప్పట్నుంచి అది సమోసానే.
సమోసా పెద్దదైతే వేగం తగ్గుతుంది.
చిన్నదైతే
నా బొటనవేలు ఎర్ర బటన్ మీదికి పోతుంది.

సాన్నిధ్యకి పదేళ్ళు. ఆమెకి సమోసా అక్కర్లేదు.
ఫ్రీస్టైల్ కావాలి, తిరగాలి,
తిరిగి వెనక్కి జారాలి.
అంగ్‌రూప్ తన రెండు చేతుల మధ్య గాలిని తిప్పి చూపించాడు.
తల ముందు తిరగాలి.
భుజం తల మాట వింటుంది, నడుం భుజం మాట.
కాళ్ళకి కబురు ఆఖర్న అందుతుంది.

కాళ్ళకి కబురు అందలేదు.
పద్నాలుగు సార్లు పడింది. పెదవి చిట్లింది.
వాళ్ళమ్మ ఇంక చాలు అంది, నేనూ అనుకున్నాను.
ఆమె మాత్రం జుట్టు మళ్ళీ బిగించుకుంది,
ఎవరితోనో దెబ్బలాటకి పోతున్నట్టు.

నా కుర్చీ పైన, మోటారు పక్కన.
అద్దం కింద, పిల్లలు తమని తాము చూసుకోడానికి.
మూడేళ్ళుగా నాకు తెలిసినవి వీపులు.
పదిహేనోసారి
ఆ పిల్ల గిర్రున తిరిగి నాకు ఎదురైంది.
నోరు తెరుచుకుని, రెప్ప వేయకుండా,
వెనక్కి జారుతూ, నన్ను చూస్తూ.

అప్పుడే కరెంటు పోయింది.

గొలుసు ఆగింది. కొండ ఆగింది.
చీకట్లో తివాచీ మీద సుయ్యిమని చెక్కల చప్పుడు,
దూరమవుతూ, దూరమవుతూ,
నురుగు పరుపుకి మెత్తగా తగిలి ఆగడం.
జనరేటర్ అందుకునే దాకా లెక్కపెట్టాను, పదకొండు.
ఆ అంకెలో కొండ ఉందని
అంతవరకూ గమనించలేదు.

'అంకుల్! నేను కిందికొచ్చేశాను!'

లైట్లు వచ్చాక చూస్తే అడుగున కూర్చుని ఉంది,
చెక్కలు విప్పకుండా, చుట్టూ చూసుకుంటూ,
కొత్త ఊళ్ళో బస్సు దిగినట్టు.
తరుష్ నా చొక్కా లాగాడు: 'నాక్కూడా ఆపేయండి.'

సాయంత్రం టీ తాగుతూ అంగ్‌రూప్ అన్నాడు,
మా ఊళ్ళో కొండ అడుగున పోస్టాఫీసుండేది,
అన్నయ్య జారుకుంటూ పోయి ఉత్తరాలు తెచ్చేవాడు.
ఇంకేం చెప్పలేదు. గ్లాసు కడిగి బోర్లించాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం, ఆఖరి ఐదు నిమిషాలకి
మెయిన్ నేనే ఆపేస్తున్నాను.
ఓనరు అడిగితే, వైట్‌ఫీల్డ్ లైను సంగతి తెలుసు కదా సార్, అంటాను.