బ్రేకు కాలు

ఇరవై తొమ్మిదేళ్లు తోరున్ ఊళ్లో ట్రాము నడిపాను.
కళ్లకన్నా ముందు నా కుడికాలికి తెలిసేది,
ఆగివున్న కారు తలుపు తెరుచుకోబోతోందనీ
బంతి వెనకాల పిల్లాడు వస్తాడనీ.
నా చక్రాల కింద ఒక్క ప్రాణం పోలేదు.
ఒక పావురం తప్ప. దాని లెక్క నా దగ్గరుంది.

ఆ హోటల్ హాల్లో కూడా
కాలికే ముందు తెలిసింది.

పింఛనుదార్లకు ఉచిత భోజనం అన్నారు.
పలచగా కోసిన పంది మాంసం, ఊరవేసిన దోసకాయలు.
నీలం టై కుర్రాడు, రడోస్వావ్ అట పేరు,
నా కోటు తనే విప్పి కొక్కేనికి తగిలించాడు.
మా ఆయన పోయాక నా కోటు ఎవరూ తగిలించలేదు.
"మీ మోకాళ్లు రాత్రిళ్లు సలుపుతాయి కదూ" అన్నాడు.
డెబ్బై దాటినవాళ్లు నలభై మంది కూర్చున్న గదిలో
అది చెప్పడానికి జోస్యం రావాలా?
అయినా తలూపాను.

గొర్రె ఉన్ని దుప్పటి. లోపల అయస్కాంతాలు కుట్టారట.
నాలుగు వేల జ్వోతీలు.
నలుగురిని చేరిస్తే మీది మీకు ఊరికే,
ఆ నలుగురూ తలా నలుగుర్ని తెస్తే...
వేళ్లతో గాల్లో మెట్లు కట్టుకుంటూ పోయాడు.
బల్ల కింద నా కాలు
నేలను నొక్కింది.
ఇంకా నొక్కింది, మడమ లేచేదాకా.
నున్నటి పాలరాయి. కింద బ్రేకు లేదు.

లేచి వెళ్లిపోవచ్చు. తలుపుకి తాళమేం వేయలేదు.
కానీ అతని ఉప్పు తిన్నాను, మారు కూడా వడ్డించుకున్నాను,
నా కోటు అతని వీపు వెనక వేలాడుతోంది.
మొహమాటం ఎంత సన్నటి దారమో!
దానితోనే ఇంత బరువు మనిషిని కట్టేయొచ్చు.
కలం మూత అతనే తీసి ఇచ్చాడు.

ఇంతవరకూ చెప్పుకోగలను. నవ్వుతూ కూడా.
చెప్పుకోలేనిది దీని తర్వాతది.

మూడో అంతస్తు కజిమేరా.
బేకరీలో తెల్లవారుజాము పిండి పిసికిన చేతులు,
పిడికిలి ఇప్పుడు పూర్తిగా ముడవదు.
దుప్పటి ఆమె ఒళ్లో పరిచి
"నీ వేళ్లు రాత్రిళ్లు సలుపుతాయి కదూ" అన్నాను.
నా నోట్లోంచి ఆ కుర్రాడి గొంతు
ఎంత నున్నగా వచ్చిందో.
ఆమె కొంచెం ఆగింది. కిటికీ వైపు చూసింది.
ఆ ఆగడం ఏమిటో నాకు తెలుసు.
ఆమెకీ ఎక్కడో ఓ కాలుంది.
అది నొక్కేలోపే
కలం మూత తీసి ఇచ్చాను.

ఫిబ్రవరికల్లా ఆ ఫోను ఎత్తేవాళ్లు లేరు.
కిస్తీలు మాత్రం ఏ నెలా మానలేదు.
దుప్పటి వెచ్చగానే ఉంటుంది, అబద్ధమెందుకు.
కుట్లు విప్పి చూశాను,
అయస్కాంతాలు గుండుసూదిని కూడా కదిలించలేదు.

నిన్న ట్రాములో కజిమేరా నా ఎదురు సీట్లో పడింది.
పలకరింపుల్లేవు.
మలుపులో డ్రైవరు పిల్ల వేగం కాస్త ఎక్కువ పెట్టింది,
నా కుడికాలు దానంతటదే నేలను తొక్కింది.
కజిమేరా నా బూటు వైపు చూసింది.
చాలాసేపు చూసింది.
మా స్టాపు వచ్చింది.
ఇద్దరం దిగలేదు.