మెట్లమీది చలి

ఆకులు ఐదు. బెల్టు తోలంత మందం, నిగనిగ.
పువ్వు మాత్రం మూడేళ్లుగా లేదు.
ట్రాము డిపోలో వీడ్కోలు రోజున చేతికిచ్చారు,
ముప్ఫై ఒక్కేళ్లు పట్టాలు తప్పనందుకు:
తెల్లటి పూలు పదకొండు, చుట్టూ వెండి కాగితం.
పూలు రాలాయి. కాగితం ఇంకా ఉంది
డ్రాయరులో, మడతపెట్టి.

రీగాలో అక్టోబరు నడిమికి
ఊరంతటికీ ఒకేసారి వేడి వదులుతారు.
గోడలో గొట్టాలు గొంతు సవరించుకుంటాయి,
రేడియేటరు మీది దుమ్ము కాలిన వాసన.
ఐవార్స్‌కి ఇరవై నాలుగు డిగ్రీలు ఉండాలి.
గుండె కోసి కుట్టిన ఏడాది నుంచి
వేళ్ల కొసలకు వేడి చేరదు అతనికి.
రెండు స్వెటర్లు, పైన నా శాలువ,
అయినా థర్మామీటరు వంకే చూపు,
బాకీదారుణ్ణి చూసినట్టు.

బజారులో మొక్కలమ్మే స్కైద్రీతె
నా ఎరువు సీసా చూసి పెదవి విరిచింది:
"దానికి ఆకలి కాదమ్మా, చలి లేదు.
పగలు వెచ్చగా, వెలుతుర్లో ఉంచు.
రాత్రి పదిహేనుకు దించు. నెల, నెలన్నర.
మీ ఇంట్లో ఏడాది పొడుగునా జూలై.
కాలం మారిందని దానికి చెప్పేదెవరు?"

ఉన్నది ఒక్క గది.
ఒకరికి చలి పడదు, ఒకరికి చలి లేక గడవదు.

రాత్రి తొమ్మిదికి, వార్తలయ్యాక,
కుండీ చంకనెత్తుకుని తలుపు తీస్తాను.
మూడో అంతస్తుకీ రెండోదానికీ నడుమ
మెట్ల మలుపులో ఒక కిటికీ,
సిగరెట్ మచ్చల గట్టు.
అక్కడ పదిహేను. ఒక్కో రాత్రి పదమూడు.
పొద్దున ఆరున్నరకు మళ్లీ లోపలికి.
నీళ్లు ఆదివారం మాత్రమే, గోరువెచ్చగా,
పచ్చటి వేళ్లు బూడిదరంగుకు తిరిగాక.
ఆకుల నడిమి గుంటలో చుక్క నిలిస్తే
రుమాలు మొనతో అద్దేస్తాను,
కుళ్లు మొదలయ్యేది అక్కడే.

"నన్నూ ఓ నెల మెట్లమీద పెట్టి చూడకూడదూ?"
అన్నాడు ఐవార్స్.
నవ్వాడో లేదో, శాలువ అడ్డం.

నవంబరులో ఓ పొద్దున కుండీ కింద చీటీ:
"రాత్రి రెండింటికి పదకొండుకు పడింది.
కిటికీ సందులో గుడ్డ కుక్కాను."
సంతకం లేదు. అక్కర్లేదు.
మా బట్టల మిషను అతని పైకప్పును తడిపినప్పుడు
పరిహారం అడుగుతూ వచ్చిన ఉత్తరంలోవీ
ఈ నిటారు అక్షరాలే.
తొమ్మిదేళ్లుగా తాలివాల్దిస్, నేనూ
మెట్లమీద ఎదురైతే గోడను పలకరించుకుంటాం.

ముప్ఫై ఏడో రోజు
మూడో ఆకు చంకలో పచ్చటి మొన.
వేరేమో అనుకుని కళ్లద్దాలు తెచ్చుకున్నాను.
వేరు కొస గుండ్రంగా ఉంటుంది.
దీనికి ఒక పక్క చిన్న ముక్కు,
బొటనవేలికి విడిగా గది కట్టిన
ఉన్ని చేతితొడుగులా.
వందల జతలు అల్లిన దాన్ని, పోల్చుకోలేనా?
"ఐవార్స్," అన్నాను. ఇంకేమీ రాలేదు నోట.

ఇక చలి చాలు. కిటికీ దగ్గరే, ఇంట్లో.
కుండీ తిప్పకూడదు; కాడ వెలుగు వెంట నడుస్తోంది,
దారి మారిస్తే మెలిపడుతుంది.
పక్కన పండ్లు పండనివ్వకూడదట,
వాటి ఊపిరికి మొగ్గలు పసుపెక్కి రాలతాయి.
ఆ మాట నేను ఊరికే పైకి అన్నాను.
ఐవార్స్ మంచం పక్కన, తమ్ముడి తోట నుంచి వచ్చిన
ఆపిల్ పండ్ల బుట్ట.

లేచాడు. బుట్ట ఎత్తాడు.
తలుపు చప్పుడు, మెట్లమీద చెప్పుల ఈడ్పు.
అరగంట దాటింది.
నేను కోటు కోసం లేచేసరికి వచ్చాడు,
ఎర్రబడ్డ ముక్కుతో, ఖాళీ చేతులతో.
"సగం తాలివాల్దిస్‌కి ఇచ్చాను.
కాడ ఎంత పొడుగైందని అడిగాడు.
జానెడన్నాను. ఎక్కువ చెప్పానా?"

జానెడు లేదప్పటికి. ఇప్పుడుంది.
రేడియేటరు మర ఎవరు తిప్పారో గానీ ఇరవై రెండున్నర.
నేను అడగలేదు.
మొగ్గలు తొమ్మిది.
కాదు, నిన్న ఒకటి రాలింది. ఎనిమిది.