కీప్‌కి ఐదు మాటలు

సాల్మియాలో ఏడో అంతస్తు. వంటింటి బల్ల మీద
దలాల్ పుస్తకం, నేను ఒలిచే బఠానీలు.
కీప్ అనే మాటకి ఐదు అర్థాలు రాసుకు రమ్మనిందంట టీచరు.
"నీకేమన్నా తెలుసా నూరా?" అంటాది ఎనిమిదేళ్ల పిల్ల.

తెలీకేం.
ఇంగ్లీషులో నాకు మొదట వచ్చిన మాటే అది.
విమానం దిగిన రాత్రి మేడమ్ చెయ్యి చాపి
"పాస్‌పోర్ట్. ఐ కీప్" అనింది.
బీరువా సొరుగు మూసిన చప్పుడే
చాన్నాళ్లు నాకు దాని అర్థం.

పోను పోను ఇల్లంతా అదే.
చెప్పులు బయట కీప్. పాలు ఫ్రిజ్‌లో కీప్.
కీప్ క్వైట్, అంటే నోరు ముయ్యమని.
పాపని కీప్, అంటే వాళ్లు పెళ్లికి పొయ్యొచ్చేదాకా
జ్వరం ఒళ్లును భుజాన మొయ్యమని.
కూరగాయల్లో చిల్లర మిగిలితే ఒకసారి, కీప్.
ఆ ఒక్కసారే ఆ మాట నా దిక్కు తిరిగి నవ్వింది,
నూటాయాబై ఫిల్సులు.

నా పేర్లో కూడా ఒక ముక్క ఉంచుకోని
తక్కింది పారేసినారు. వన్నూరమ్మను నేను.
నూరంటే వెలుగంట వాళ్ల బాసలో.
మా రాయచోటిలో వంద.
రోట్లో వేసి నూరేది కూడా.

హోల్డ్. సేవ్. స్టోర్.
మూడు రాసి పెన్సిలు కొరుకుతా ఉంది దలాల్.
బఠానీలతో పాటు నేనూ ఒలుచుకుంటా ఉన్నా మా మాటల్ని:
ఉంచు, దాచు, అట్టిపెట్టు.
ఏడాది నిలవుండే చింతకాయ తొక్కుకీ కీపే అంట.
మేకల్ని మేపేదీ కీపే. ఒక్కపొద్దు ఉండేదీ కీపే.
చెప్పిన మాట మీద నిలబడేదీ.
మరి మొగుడు పక్కూర్లో ఒకదాన్ని ఉంచుకుంటే?
అదీ కీపే. పిల్లకి చెప్పలా.
ఒక్క మాటకి ఎన్ని పనులో!
నాకంటే ఎక్కువ చాకిరీ దానికి.

కడుపులో పెట్టుకునేది మాత్రం ఉందో లేదో ఇంగ్లీషోళ్లకి.
"అత్త ఏమన్నా కడుపులో పెట్టుకో తల్లీ" అనేది మాయమ్మ.
ఏ సొరుగులోనూ పట్టనివి అక్కడే పెట్టేది.

పోయిన శుక్రవారం
నాలుగో అంతస్తులో పనిచేసే ఇథియోపియా పిల్ల, జెనెట్,
చెత్తడబ్బాల కాడ నా పిడికిలి విప్పి
ఒక కమ్మ, ఒకటే, పెట్టి మూసింది.
"కీప్" అనింది.
యాడికని అడగలా. ఎన్నాళ్లని అడగలా.
చెప్పులు చేత్తో పట్టుకోని మెట్లు దిగింది.
రెండో చెవి కమ్మ మలుపు దాకా మెరిసింది.

మర్నాడు వాళ్ల మేడమ్ వచ్చి మా మేడమ్‌తో,
"మీ నూరాకి తెలుసేమో?"
తల అడ్డంగా ఊపినా.
జాకెట్టు లోపల పిన్నీసుకి తగిలించిన కమ్మ
ఊపినంతసేపూ గుచ్చుకుంది.

"నాలుగోది చెప్పు నూరా!"
"అమానతు" అన్నా.
పిల్ల కండ్లింత చేసింది: "అది మా మాట!"
మాది కూడా తల్లీ.
పక్కింటామె వదిలిపోయిన శెనగిత్తనాల మూటని
మా జేజి ఉట్టి మీద పెట్టి,
పొయ్యి రాజని దినాల్లో కూడా విప్పక,
చెయ్యి చాపిన మాకు చెప్పిన మాట అది.
ఏ ఓడెక్కి, ఏ గుర్రమెక్కి మా రాళ్ల ఊరికొచ్చిందో.
అప్పు చేసి టికెట్టు కొని
నేను దాన్ని వెనక్కి తెచ్చినా.

దలాల్ రాయలా. ఇంగ్లీషు కాదు గదా,
టీచరు కొట్టేస్తాది.
కింద రెండు గీతలూ ఖాళీగా ఉంచి
పుస్తకం మూసింది.

రాత్రి చెత్త తీసకపోయేటప్పుడు
లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగుతాది.
కొత్త పిల్ల ఎక్కుతాది, ఇంకా ఏ బాసా రాదు.
నేను మొగం కంటే ముందు చెవులు చూస్తా.